చివరి అంకెకు పూచీ ఎవరు?

ఒక బోరు నీళ్లను ల్యాబ్‌లో పరీక్షిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.54 మిల్లీగ్రాములు అని వచ్చింది అనుకుందాం. వేరే నీళ్లు దొరకని చోట కూడా దాటకూడదని మన దేశంలో పెట్టుకున్న హద్దు 1.5 మిల్లీగ్రాములు. మరి ఈ బోరు హద్దు దాటినట్టా, దాటనట్టా?

బడిపిల్లవాణ్ణి అడిగితే దాటినట్టే అంటాడు. 1.54 పెద్దది, 1.5 చిన్నది, ఇందులో ఆలోచించేదేముంది? దశాంశాల పాఠం ప్రకారం వాడి జవాబుకు వంక పెట్టలేం. కానీ భారత ప్రమాణాల సంస్థ లెక్క వేరు. తాగునీటికి ఆ సంస్థ 2012లో తెచ్చిన ప్రమాణం, ఐఎస్ 10500, ముందుమాటలోనే ఒక షరతు పెడుతుంది. పరీక్ష ఫలితాన్ని 1960 నాటి ఐఎస్ 2 నియమాల ప్రకారం సవరించాకే హద్దుతో పోల్చాలి. హద్దు ఎన్ని సార్థక అంకెలతో ఉందో, ఫలితంలోనూ అన్నే ఉంచాలి. 1.5లో ఉన్నవి రెండంకెలు. 1.54ను రెండంకెలకు సవరిస్తే 1.5 అవుతుంది. బోరు పాసు. అదే 1.56 వచ్చి ఉంటే 1.6 అయ్యేది, బోరు ఫెయిలు.

ఈ ఐఎస్ 2 ఏమిటంటే, సంఖ్యలను సవరించే నియమాల పుస్తకం. ఐఎస్ 1 జాతీయ పతాకానిది. జెండా కొలతల పక్క నంబరే అంకెల్ని ఎక్కడ ఆపాలన్న నియమాలకు దక్కిందంటే, ఆనాటి వాళ్లకు దాని విలువ బాగానే తెలుసు. బళ్లలో మాత్రం సార్థక అంకెలు ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో 'ప్రమాణాలు, కొలత' అధ్యాయంలో వచ్చే బిట్టు ప్రశ్న. 0.00620లో సార్థక అంకెలెన్ని? మూడు. టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తారు. అంతకు మూడేళ్ల ముందు, ఎనిమిదో తరగతి లెక్కల్లో, పెద్ద సంఖ్యల్ని పది ఘాతాలతో పొట్టిగా రాసే 'ప్రామాణిక రూపం' వచ్చిపోయి ఉంటుంది. ఈ రెండూ ఒకే పనికి పుట్టినవని ఎవరూ చెప్పరు. ఒకటి లెక్కల సారు సొత్తు, ఇంకొకటి ఫిజిక్సు సారు సొత్తు.

పశ్చిమ ప్రకాశంలో ఇది పుస్తకం దాటిన విషయం. ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో గుర్తించి వైద్యపత్రికకు ఎక్కించింది 1937లో. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో రాసిన ఆ వ్యాసం అప్పటి నెల్లూరు జిల్లా గురించి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1970లో అన్నీ కలిసి ఒంగోలు జిల్లా అయ్యాయి, రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు వచ్చింది. వంగిపోయిన వెన్నులు, గారపట్టిన పళ్లు ఇక్కడి చాలా ఊళ్లకు కొత్త కావు. ఆ ఊళ్లలో 1.5 పక్కన ఏ అంకె ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది బోరు భవిష్యత్తును తేల్చే ప్రశ్న.

అదే ప్రమాణం 'ఇంతవరకు ఉంటే మేలు' అని పెట్టిన హద్దు 1.0 మిల్లీగ్రాము. ఒట్టి 1 అని రాయలేదు, 1.0 అని రాశారు. ఆ సున్నా అలంకారం కాదు. 1 అని రాసి ఉంటే ఫలితాన్ని కూడా ఒక్క అంకెకే సవరించాలి, అప్పుడు 1.4 కూడా 1 అయిపోయి పాసైపోతుంది. 1.0 అని ఉంది కాబట్టి 1.05 వరకే సందు. ఒక్క సున్నా నాలుగు పాయింట్ల ఫ్లోరైడ్‌ను అడ్డుకుంటోంది.

సవరించడంలో ఒక మెలిక ఉంది. తీసేసే అంకె సరిగ్గా 5 అయితే చిన్న తరగతుల్లో పైకి పెంచమంటారు. ఐఎస్ 2 అలా ఒప్పుకోదు. ముందున్న అంకె బేసి అయితే పెంచాలి, సరి అయితే అలాగే వదిలేయాలి. 1.55 అయితే 1.6, 1.45 అయితే 1.4. ఎప్పుడూ పైకే పెంచుకుంటూ పోతే వెయ్యి ఫలితాల సగటు కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది. సగం పెంచి సగం వదిలితే ఆ మొగ్గు ఉండదు. ఇంకో జాగ్రత్త, సవరించేది ఒక్కసారే. 1.546ను ముందు 1.55 చేసి, దాన్ని మళ్లీ 1.6 చేశారంటే పాసు కావలసిన బోరు ఫెయిలవుతుంది. నేరుగా చేస్తే అది 1.5. ఒక టేబుల్ దగ్గర ఒకసారి, కంప్యూటర్‌లో ఎక్కించే చోట ఇంకోసారి సవరిస్తే జరిగేది ఇదే.

1.54 బోరు నీళ్లు తాగినవాడి ఎముకలకు, 1.56 బోరు నీళ్లు తాగినవాడి ఎముకలకు తేడా తెలుస్తుందా? తెలియదు. నిజానికి చాలాసార్లు పరీక్షకే తెలియదు. అదే నీళ్లను మళ్లీ పరీక్షిస్తే 1.51 రావచ్చు, 1.57 రావచ్చు. గ్రామాల్లో ఇచ్చే ఫీల్డ్ కిట్టయితే రంగు చూసి చెప్పేది. చుక్కల మందు వేశాక నీళ్ల రంగు మారితే దాన్ని చార్టులోని రంగు గళ్లతో పోల్చాలి. ఏ గడికి దగ్గరగా ఉందో కన్ను చెప్పగలదు, రెండు గళ్ల మధ్య నూరో వంతు చెప్పలేదు. కిట్టుతో పరీక్షించి రిజిస్టర్‌లో 1.54 అని రాసి ఉంటే ఆ 4ను చూసి అనుమానపడాలి, ఎందుకంటే దానికి పూచీ పడే పరికరం ఆ గదిలో లేదు.

అసలు అంకె ఎక్కడ పుడుతుందో చూడాలంటే మార్కాపురం పలక ఒకటి చేతికి తీసుకుంటే చాలు. ప్లాస్టిక్ పలకలు రాకముందు ఆ ఊరి పేరు చెబితే పలకలే గుర్తొచ్చేవి. చట్రం వేయని రాతిపలక మందం కొలుద్దాం.

ముందు జామెట్రీ బాక్సులోని స్కేలు. మిల్లీమీటరు గీతల పక్కన పలక అంచు పెడితే నాలుగో గీత దాటి కొంచెం కనిపిస్తుంది. అయిదుకు చాలా దూరం. 4 మి.మీ. అని రాసుకుంటాం. ఒక్క అంకె.

తర్వాత వెర్నియర్ కాలిపర్స్. దవడల మధ్య పలకను బిగిస్తే ప్రధాన స్కేలు మీద వెర్నియర్ సున్నా 4 మి.మీ. దాటి ఆగింది. వెర్నియర్ గీతల్లో రెండోది పై గీతతో కలిసింది. కనీసపు కొలత 0.1 మి.మీ. కాబట్టి 4.2 మి.మీ. రెండంకెలు.

ఇక స్క్రూగేజి. వెనక రాచెట్ టక్కుటక్కుమనే దాకా తిప్పాలి, అంతకు మించి బిగించకూడదు. పిచ్ స్కేలు మీద 4, తల స్కేలు మీద 23. కనీసపు కొలత 0.01 మి.మీ. అంటే 4.23 మి.మీ. మూడంకెలు.

పలక అదే. మారింది పరికరం. ఒక్కో పరికరం ఇంకో అంకెను సంపాదించి పెట్టింది. ప్రతిచోటా చివరి అంకె కాస్త ఊగేదే, దానికి ముందున్నవి స్థిరం. ఖాయంగా తెలిసిన అంకెలు, వాటి పక్కన కాస్త అనుమానం ఉన్న అంకె ఒక్కటి, వీటినే సార్థక అంకెలంటాం. పుస్తకం ఇదే చెబుతుంది, కానీ స్క్రూగేజిని రెండో చోట పెట్టి చూడమని చెప్పదు. పెట్టి చూద్దాం. ఇంకో అంచున 4.31 వచ్చింది. మూడో చోట 4.08, నాలుగో చోట 4.19. పరికరం పాడవలేదు. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఉలితో పొర వెంట చీలిస్తే పలక వస్తుంది. ఆ చీలిక అద్దంలా చదునుగా ఉండదు. నాలుగింటి సగటు కాలిక్యులేటర్ ప్రకారం 4.2025. అందులో నిలబడేది 4.2. స్క్రూగేజి మూడంకెలు ఇవ్వగలిగినా ఈ పలకకు ఉన్న మందమే రెండంకెలది. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో విలువైన చోటు ఇదే. పరికరం ఎంత గొప్పదైనా వస్తువుకు లేని కచ్చితత్వాన్ని తెచ్చి పెట్టలేదు. ల్యాబ్‌లో ఎప్పుడూ నున్నటి ఇనప గోళీనీ తీగనూ ఇస్తారు కాబట్టి పిల్లలకు ఈ సంగతి ఎదురుపడదు.

ఇలాంటి పలకలు 24 ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎత్తెంత? 4.2ను 24తో గుణిస్తే 100.8 మి.మీ. ఇక్కడ 24 లెక్కపెట్టిన సంఖ్య, దానిలో అనుమానం లేదు. అనుమానమంతా 4.2ది. గుణకార భాగహారాల్లో తక్కువ సార్థక అంకెలున్నది ఏదో జవాబుకూ అన్నే ఉండాలి. అంటే రెండంకెలు. 100.8ను రెండంకెలకు సవరిస్తే 100. ఇప్పుడు చిక్కొచ్చింది. 100 అని రాస్తే చూసేవాడికి ఏం తెలుస్తుంది? రెండు సున్నాల్లో ఏది కొలిచింది, ఏది ఊరికే చోటు నింపింది?

సున్నాల నియమాలను పిల్లలు బట్టీ పట్టేది ఇక్కడే. ముందుండే సున్నాలు లెక్కలోకి రావు. 0.0015 గ్రాములన్నా 1.5 మిల్లీగ్రాములన్నా ఒకటే, యూనిట్ మార్చినంత మాత్రాన కొత్త సమాచారం పుట్టదు. అంకెల మధ్య సున్నా ఎప్పుడూ సార్థకమే. దశాంశ బిందువు తర్వాత చివర్లో ఉన్న సున్నా కూడా సార్థకమే, కొలిచి రాస్తేనే అక్కడికి వస్తుంది కాబట్టి. దశాంశం లేని సంఖ్య చివరి సున్నాలతోనే పేచీ.

లారీ కాటా దగ్గర చూస్తే ఆ పేచీ కళ్లకు కడుతుంది. పలకల లోడుతో లారీ కాటా ఎక్కితే తెర మీద 16,240 కిలోలు పడింది అనుకుందాం. చాలా కాటాలు పది కిలోల చొప్పునే కదులుతాయి. 16,240 తర్వాత 16,250, మధ్యలో ఏదీ లేదు. చివరి సున్నా కాటా తూచి చెప్పింది కాదు, దానికి ఇంకే అంకే రాదు. ఆ లారీ మీద ఒక పలక, 0.4 కిలోలది, వేసి మొత్తం 16,240.4 కిలోలని బిల్లు రాస్తే నవ్వుతారు. కూడికలో చూడాల్సింది సార్థక అంకెల సంఖ్య కాదు, అనుమానం ఏ స్థానంలో మొదలైందన్నది. పదుల స్థానంలోనే అనుమానమున్న సంఖ్యకు దశాంశ స్థానం అంటించలేం.

ఆ బరువును 1.624 × 10⁴ కిలోలని రాస్తే పేచీ తీరిపోతుంది. కిలో దాకా కచ్చితంగా తూచే కాటా అయ్యుంటే 1.6240 × 10⁴ అని రాసేవాళ్లం. 24 పలకల ఎత్తు 1.0 × 10² మి.మీ. ఎనిమిదో తరగతి పుస్తకం ప్రామాణిక రూపం ఎందుకంటే పెద్ద సంఖ్యల్ని పొట్టిగా రాయడానికి అంటుంది. అది సగం మాటే. 100ను 1.0 × 10² అని రాస్తే పొట్టి కాలేదు, పొడుగైంది. ఈ రూపం సంఖ్యను రెండుగా విడదీస్తుంది. ఒకటికీ పదికీ మధ్య ఉండే ముందు భాగం మనకెంత తెలుసో చెబుతుంది. పది మీది ఘాతాంకం వస్తువు ఎంత పెద్దదో చెబుతుంది. మామూలుగా రాసినప్పుడు సున్నాలు ఈ రెండు పనులూ నెత్తినేసుకుని దేనికీ సరిగా జవాబు చెప్పవు.

సున్నాల మీద అపనమ్మకం పాత జబ్బే. ఎవరెస్టు ఎత్తు లెక్క కట్టినప్పుడు సరిగ్గా 29,000 అడుగులు వచ్చిందనీ, చూసినవాళ్లు ఉజ్జాయింపు అనుకుంటారని రెండడుగులు కలిపి 1856లో 29,002గా ప్రకటించారనీ ఒక కథ ఉంది. 2.9000 × 10⁴ అని రాసే అలవాటుంటే కొండను పెంచాల్సిన పని ఉండేది కాదు.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లకు కూడా నోటికి వచ్చే సంఖ్య 43.5. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరదనీటిని నల్లమల కింద సొరంగాల్లో తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు అనుకున్న టీఎంసీలు అవి. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, 10⁹. అడుగు అంటే సరిగ్గా 0.3048 మీటరు అని దేశాలు కూడబలుక్కున్నాయి కాబట్టి అందులో అనుమానం లేదు. ఆ లెక్కన ఒక టీఎంసీ 2,83,16,846.592 ఘనపు మీటర్లు. దాన్ని 43.5తో గుణించమంటే ఫోను ఇలా చెబుతుంది: 123,17,82,826.752 ఘనపు మీటర్లు.

చివరి .752 చూడండి. అది 752 లీటర్లు, మూడు నాలుగు డ్రమ్ముల నీళ్లు. ఒక ఏడాది వరదలోంచి కొండల కింద మళ్లించే నీటిని డ్రమ్ముల లెక్కన చెప్పేస్తోంది ఫోను. దాని తప్పు కాదు, దానికి 43.5 ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మనకు తెలుసు. అందులో మూడంకెలే ఉన్నాయి, జవాబు 1.23 × 10⁹ ఘనపు మీటర్లు. నూట ఇరవై మూడు కోట్లు అంటే చాలు, ఆ తర్వాతి అంకెలన్నీ గుణకారం పుట్టించినవే, నీళ్లకు సంబంధం లేదు.

శ్రీశైలం సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. వానాకాలం పత్రికల్లో ఆ జలాశయం పూర్తి సామర్థ్యం 215.8070 టీఎంసీలని కనిపిస్తుంది. ఏడు సార్థక అంకెలు, చివరన ఒక సున్నాతో సహా! నాలుగో దశాంశ స్థానం విలువెంత? 10⁻⁴ టీఎంసీ, అంటే లక్ష ఘనపుటడుగులు, 28 లక్షల లీటర్లు. అంత సన్నంగా కొలవగలమా? జలాశయం నిండినప్పుడు నీరు సుమారు 600 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. నీటిమట్టం అడుగులో పదో వంతు మారిందంటే 6 × 10⁸ చదరపు మీటర్ల మీద 0.03 మీటరు, అంటే 1.8 × 10⁷ ఘనపు మీటర్లు. అది 0.6 టీఎంసీ. గేజిని నూరో వంతు దాకా చదివామన్నా 0.06 టీఎంసీ దగ్గర చూపు ఆగిపోతుంది. ఇక గాలికి నీళ్లు ఒక ఒడ్డు వైపు ఎగదోస్తే ఆ నూరో వంతు కూడా నిలవదు. రెండో దశాంశం దాటితే నీళ్లలో ఆధారం లేదు, పట్టికలో ఉంది. మట్టానికి సామర్థ్యం ఎంతో చెప్పే పట్టికను గుణించి, మధ్య విలువల్ని పూరించి తయారుచేస్తారు, అందులో ఎన్ని దశాంశాలు కావాలంటే అన్ని వస్తాయి. ఆ పట్టికను పట్టుకుని రోజువారీ జమాఖర్చులు రాసే ఇంజనీర్లు అంకెలన్నీ ఉంచుకోవడంలో న్యాయముంది, మధ్యలో సవరిస్తే లెక్క తేడా వస్తుంది. పత్రిక చదివేవాడికి ఆ అవసరం లేదు.

పైగా ఈ జలాశయం సామర్థ్యం మొదట్లో 308 టీఎంసీలు. పూడిక చేరి, మళ్లీ మళ్లీ సర్వే చేస్తే 215కు దిగింది. అడుగున మేట పడుతూనే ఉంది. 92 టీఎంసీలు మట్టికి వదులుకున్న సంఖ్య పక్కన నాలుగో దశాంశం సున్నాను కూడా పదిలంగా మోసుకొస్తున్నాం. అంకెలు ఎక్కువైతే సంఖ్య నిజానికి దగ్గరైనట్టు కాదు. గేజి ఎంత సన్నంగా చదివినా, కింద మట్టి ఎంత పేరుకుందో తెలియకపోతే ఆ చదువు వృథా. ఏది ఏమైనా 216 టీఎంసీలు అని రాస్తే ఏ రైతుకూ నష్టం లేదు, పూడిక సంగతి ఇంకో వాక్యంలో రాస్తే లాభం ఉంది.

టీఎంసీలది పెద్ద సంఖ్యల గొడవ. ఫ్లోరైడ్‌కు వస్తే చిన్నవీ పెద్దవీ ఒకేచోట కలుస్తాయి. ఒక ఫ్లోరైడ్ అయాన్ బరువు 3.155 × 10⁻²³ గ్రాములు. దశాంశంలో రాయాలంటే బిందువు తర్వాత 22 సున్నాలు పెట్టాలి, రాసేవాడు ఒకటి మరిచిపోతే బరువు పది రెట్లు మారిపోతుంది. హద్దు దగ్గర ఉన్న నీళ్లు, లీటరుకు 1.5 × 10⁻³ గ్రాములు. దీన్ని దానితో భాగిస్తే లీటరులో ఎన్ని అయాన్లున్నాయో తెలుస్తుంది. ముందు భాగాలను భాగించు, ఘాతాంకాలను తీసివేయి, అంతే. 4.8 × 10¹⁹. అయాన్ బరువు నాలుగంకెలతో తెలిసినా ఫ్లోరైడ్ మోతాదు రెండంకెలతోనే తెలుసు కాబట్టి జవాబు రెండంకెల దగ్గరే ఆగింది. మన లెక్కలో చెప్పాలంటే లక్ష 10⁵, కోటి 10⁷ కాబట్టి 4.8 లక్షల కోట్ల కోట్లు. అన్ని కోట్లు విని బెంబేలెత్తక ముందు నీటి అణువులు ఎన్నో కూడా చూడాలి. లీటరులో 3.3 × 10²⁵. ఒక్కో ఫ్లోరైడ్ అయాన్ చుట్టూ ఏడు లక్షల నీటి అణువులుంటాయి. ఏడు లక్షలకు ఒకటి చొప్పున ఉన్నది ఏళ్ల తరబడి తాగితే ఎముకను మార్చేస్తుంది. రెండు ఘాతాంకాలు, 25, 19, పక్కపక్కన పెడితే తేడా ఆరు అని చూపుకే తెలిసిపోతుంది. సున్నాలు రాసుకుని ఉంటే వేళ్లతో లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది.

ఇక పలక వయసు. మార్కాపురం పలకరాయి ఉన్న శిలల వరుసకు భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరు పెట్టారు. మట్టి నీటి అడుగున పొరలుగా పేరుకుని, ఒత్తిడికి గట్టిపడి, నలిగి పలకరాయి అయింది. అలాంటి రాయికి పుట్టిన తేదీ నేరుగా తేల్చడం కష్టం. దారి ఇంకోటి ఉంది. గిద్దలూరు దాటి నంద్యాల వైపు రైల్లో పోతే నల్లమల అడవిలో దిగువమెట్ట తర్వాత చెలమ స్టేషను వస్తుంది. ఆ పరిసరాల్లో ఈ కంభం శిలల్ని చీల్చుకుని లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చిన లాంప్రోయిట్ అనే శిల ఉంది. దూసుకొచ్చినదాని కంటే చీలినది పాతదై ఉండాలి. లాంప్రోయిట్ వయసు తెలిస్తే మన పలక దానికంటే పెద్దదని చెప్పొచ్చు.

ఎన్.వి. చలపతిరావు బృందం ఆ రాతిలోని అభ్రకాన్ని ఆర్గాన్ ఐసోటోపుల పద్ధతిలో పరీక్షించి 1999లో వయసు ప్రకటించింది: 1417.8 ± 8.2 మిలియన్ సంవత్సరాలు. బడిలో చెప్పే సార్థక అంకెలకు ఇది పెద్దన్న. చివరి అంకె ఊగుతుందని మనం మాటవరసకు అనుకుని వదిలేస్తాం, వాళ్లు ఎంత ఊగుతుందో కూడా రాసి పెట్టారు. 141.78 కోట్ల ఏళ్లు, అటూ ఇటూ 82 లక్షలు. 8.2 ఊగే సంఖ్యలో మిలియన్ల ఒంట్ల స్థానమే అనుమానంలో ఉంది. అందుకే మనలాంటివాళ్లు వాడుకోవడానికి 1.418 × 10⁹ సంవత్సరాలు అంటే సరిపోతుంది, మామూలు మాటల్లో 1.4 × 10⁹ అన్నా చాలు. బడికి పోయే పిల్లవాడు ఒకప్పుడు చంకన పెట్టుకుపోయిన పలక వయసు కనీసం అంత.

అదే వ్యాసంలో తెలంగాణలోని కోటకొండ కింబర్లైట్‌కు కూడా వయసు కట్టారు: 1401 ± 5 మిలియన్ సంవత్సరాలు. రెండింటిలో చెలమ రాయి పెద్దది. ఎంత పెద్దది? తీసివేస్తే 16.8. కూడిక, తీసివేతల నియమం ప్రకారం ఒంట్ల స్థానంలో ఆపితే 17 మిలియన్లు, అంటే కోటీ డెబ్భై లక్షల ఏళ్లు. ఇప్పుడు ఊగిసలాటల సంగతి చూడాలి. తీసివేతలో సంఖ్యలు ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి గానీ అనిశ్చితులు చెరిగిపోలేదు. 8.2 వర్గాన్నీ 5 వర్గాన్నీ కలిపి వర్గమూలం తీస్తే 9.6. పదికి దగ్గర. 17లో పది అటో ఇటో అయితే 7కు పూచీ పడేవాళ్లు లేరు. 2 × 10⁷ సంవత్సరాలు అని రాసుకోవాలి. అయిదంకెల సంఖ్యలోంచి నాలుగంకెల సంఖ్యను తీసేస్తే చేతిలో మిగిలింది ఒకే ఒక్క అంకె, అది కూడా గట్టిగా పట్టుకుంటే.